ఇంకొకరి గుండెదడ

ఐదో రోజు ఉదయం పదకొండు గంటలకి పానకాలరావు ఎడమ మణికట్టు మీది పట్టీ మళ్ళీ బిగుసుకుంది. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ముందు అరచేతుల్లో చెమట పట్టింది. తరవాత గుండె దడదడలాడింది. అరవై నాలుగేళ్ళ మనిషి, మంగళగిరిలో సొంతింటి వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా తనని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తున్నట్టే ఉంది.

నిజానికి కడిగేస్తున్నది ఆయన్ని కాదు. ఎక్కడో మార్కాపురంలో ఉన్న ఖాదర్ వలిని.

ఈ కథ జరిగే నాటికి 'ఆకుపేరు' అనే ఆన్‌లైన్ ప్రాజెక్టు తెలియని తెలుగు ఇల్లు లేదు. పొలం గట్టునో పెరట్లోనో కనబడిన ఆకు ఫొటో తీసి పంపితే, అది ఏ మొక్కో, తినొచ్చో తినకూడదో చెబుతారు. చెప్పేవాళ్ళకి జీతం లేదు, భత్యం లేదు. టీచర్లు, రైతులు, ఇల్లాళ్ళు, రిటైరై తోచక కూర్చున్నవాళ్ళు. చెప్పిన పేరుని ఖాయం చేసే అధికారం మాత్రం 'కాపరులు' అనే కొద్దిమందికే ఉంటుంది. కాపరి కావాలంటే తూకం వారం దాటాలి. ఏడు రోజులు ఎవరైనా ఏదైనా అడగొచ్చు. ఎప్పుడో రాసిన ముక్కనైనా తవ్వి తీయొచ్చు. అభ్యర్థి విసుక్కోకూడదు, మధ్యలో తప్పుకోకూడదు. ఉచితంగా చాకిరీ చేస్తానని ముందుకొచ్చిన మనిషిని కలెక్టరు ఉద్యోగానికి కూడా అడగనన్ని ప్రశ్నలు అడుగుతారు. దానికన్నా పెళ్ళిచూపులు నయం, ఒక్కపూటతో పోతాయి.

ఏడో రోజు సాయంత్రం అందరి మాటలూ చదివి, ఓట్లు చూసి, ముగింపు రాసేవాడు పానకాలరావు. సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళపాటు ఊళ్ళవాళ్ళ హద్దులు కొలిచిన మనిషి. ఆయన రాసిందే తీర్పు.

రెండేళ్ళ కిందట ఖాదర్ వలి మొదటిసారి తూకానికి నిలబడ్డాడు. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని అతనిది. నల్లమల అంచున పెరిగాడు గనుక ఆకుల సంగతి పుస్తకాలు చదివినవాళ్ళకన్నా బాగా తెలుసు. మూడో రోజున ఒకావిడ పాత సంగతి బయటికి లాగింది. పొదిలి దగ్గర పల్లెలో ఒక ఇల్లాలు ఒక ఆకు ఫొటో పంపితే అతను 'గంగపాయల కూర' అని పేరు పెట్టాడు. అది గంగపాయల కాదు, కాడ తుంచితే పాలు కారే వేరే మొక్క. పప్పులో వేసి వండారు. ఇంటిల్లిపాదీ వాంతులతో ఆసుపత్రి పాలై, రెండు రోజులు సెలైన్లు ఎక్కించుకుని బయటపడ్డారు. పేర్లు ఖాయం చెయ్యడానికి కాపరే ఉండాలన్న నిబంధన ఆ తరవాతే వచ్చింది.

"తప్పు నాదే. క్షమించండి" అని రాశాడు ఖాదర్ వలి. అంతే. ఇంకో మాట రాయలేదు.

రాయని మాట ఒకటుంది. ఆ పేరు పెట్టేముందు అతను పానకాలరావుకి ఫోన్ చేశాడు. "ఫొటోలో సరిగా తెలీడం లేదు సార్. కాడ తుంచితే పాలొస్తున్నాయేమో ఒకసారి ఆమెని అడుగుదామా?" అన్నాడు. పానకాలరావు అప్పుడు మంగలి షాపులో, గడ్డానికి సబ్బు నురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. "గంగపాయలేనయ్యా, చూస్తే తెలియట్లా? పెట్టెయ్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సంగతి తెలిసిన మనుషులు ప్రపంచంలో ఇద్దరే. ఒకడు తప్పు నాదే అన్నాడు. రెండోవాడు ఏడో రోజు సాయంత్రం కూర్చుని 'అభ్యర్థికి జాగ్రత్త తక్కువ' అని ముగింపు రాశాడు.

రాసిన క్షణం నుంచీ ఆ మూడు మాటలూ పానకాలరావుని వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేవి. మనవరాలు ఏదో ఆకు తెచ్చి "ఇదేంటి తాతయ్యా?" అంటే గుర్తొచ్చేవి. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడో. చెబితే తన పరువు ఏం కాను? ఇన్నేళ్ళూ తను రాసిన ముగింపులన్నిటినీ మళ్ళీ తిరగదోడరా? ఖాదర్ వలి ప్రాజెక్టు వదిలేశాడు. ఫ్యాక్టరీలో అతన్ని 'విషం కూర వలి' అంటున్నారని ఎవరో చెబితే పానకాలరావు ఆ పూట భోజనం చెయ్యలేదు.

ఆ బాధతోనే ఆయన గుంటూరులో డాక్టర్ ఫిలోమినా ల్యాబ్‌కి వెళ్ళాడు. పేపర్లో ఆమె చేసిన పట్టీల గురించి చదివాడు మరి.

"చాలా తేలిక విషయమండీ" అంది ఫిలోమినా, రెండు నల్లటి పట్టీలు బల్ల మీద పెట్టి. "ఇది అభ్యర్థి చేతికి. నాడి, చెమట, వేళ్ళ వణుకు కొలుస్తుంది. రెండోది ప్రశ్న అడిగేవాళ్ళ చేతికి. మీ ప్రశ్న చదవగానే అవతలి మనిషికి ఎంత ఆందోళన పెరిగిందో, అది సన్నటి కరెంటుగా మీ నరాల్లోకి వస్తుంది. మీ గుండె కూడా అలాగే కొట్టుకుంటుంది. అరగంట."

"అరగంట తరవాత?"

"వదిలేస్తుంది. రెండు పట్టీలూ మణికట్ల మీద ఉంటేనే ప్రశ్నల పేజీ తెరుచుకునేలా చేద్దాం. తను అడిగిన ప్రశ్న ఎంత బరువుందో తనే మోస్తే, ఎవరైనా రెండోసారి ఆలోచించి అడుగుతారు కదా?"

"ఎవరి మీద పరీక్షించారమ్మా?"

"పన్నెండు జంటల మీద. అందరూ భార్యాభర్తలే."

"పెళ్ళయినవాళ్ళకి అందులో కొత్తగా తెలిసేదేముందమ్మా?" అన్నాడు పానకాలరావు. ఫిలోమినా పకపకా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఖాదర్ వలిని మళ్ళీ నిలబెట్టాలి, ఈసారి ఎవరూ అతన్ని గుచ్చకూడదు, అతను నెగ్గాలి. అప్పుడు తను నోరు విప్పాల్సిన అవసరమే ఉండదు. ఆయన లెక్క అది.

ఫోన్లో అడిగితే ఖాదర్ వలి "మీరున్నారు కదా సార్. నిలబడతాలే" అన్నాడు.

అడగదలచినవాళ్ళందరికీ ల్యాబ్ నుంచి పట్టీలు వెళ్ళాయి. మొదటి రెండు రోజులూ ఫిలోమినా చెప్పినట్టే జరిగింది. పట్టీ కట్టుకుని ప్రశ్న వేసినవాళ్ళు అదిరిపోయారు. 'పాపం, ఇంత ఉంటుందనుకోలేదు' అని రాశారు. ముగింపు రాసేవాడు గనుక అన్ని ప్రశ్నల బరువూ పానకాలరావు పట్టీకి కొంత కొంత వచ్చేది. రెండో రోజు సాయంత్రానికి అది దాదాపు నిద్రపోయింది.

మూడో రోజు తెనాలి నుంచి ఒక లెక్కల మాస్టారు రాశాడు: 'నిన్న ఒక ప్రశ్న అడిగి అరగంట నరకం చూశాను. తరవాత మనసు కడిగినట్టయింది. అతని బాధ నేనూ మోశాను గనుక ఇప్పుడు మొహమాటం లేకుండా ఇంకొకటి అడుగుతున్నాను.' దాన్ని చూసి ఇంకొకరు. వాళ్ళని చూసి ఇంకో పదిమంది. ఇదివరకు ఒక కటువైన మాట రాశాక, అయ్యో, ఎక్కువన్నానేమో అని పీకులాట ఉండేది. రెండో మాటకి అదే అడ్డం పడేది. ఇప్పుడు ఆ పీకులాట లేదు. అరగంటలో అంతా తీరిపోతోంది. రెండేళ్ళ కిందట వారం మొత్తానికి అరవై ప్రశ్నలొస్తే, ఈసారి నాలుగో రోజుకే మూడొందలు దాటాయి. 'మీ చదువెంత?' అన్నారు. 'పలకలు కోసేవాడికి ఆకుల మీద అంత ఆసక్తి ఎందుకు?' అన్నారు. ఖాదర్ వలి నుంచి పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని పొట్టి జవాబులు వచ్చేవి.

ఐదో రోజు ఉదయం పదకొండింటికి పట్టీ బిగుసుకున్నది గంగపాయల ప్రశ్నకి. అది వస్తుందని పానకాలరావుకి ముందే తెలుసు. వస్తే రాద్దామని నాలుగు వాక్యాలు ఫోన్లో సిద్ధంగా పెట్టుకున్నాడు. 'ఆ పేరు పెట్టమన్నది నేను. పాలు చూద్దామన్నది ఖాదర్ వలి. అవసరం లేదన్నది నేను. రెండేళ్ళుగా చెప్పలేదు.' ఈ పట్టీల వారంలో రాయకపోతే ఇక ఎప్పటికీ రాయనని ఆయనకి తెలుసు.

పట్టీ ఇదివరకెప్పుడూ లేనంతగా బిగిసింది. ఊపిరాడలేదు. ఎవరి ముందో చేతులు జోడించి నిలబడ్డట్టు భుజాలు వంగిపోయాయి. 'ఇదన్నమాట వాడు పడింది' అనుకున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

అరగంటయింది. పట్టీ వదిలింది.

రెండేళ్ళ తరవాత మొదటిసారి ఛాతీ మీద ఏ బరువూ లేదు. జ్వరం దిగిన ఒంటిలా తేలిగ్గా ఉంది. లోపలినుంచి భార్య వంకాయ వేయిస్తున్న వాసన వచ్చింది, ఆకలేసింది. ఫోన్ తీసి ఆ నాలుగు వాక్యాలూ చదివాడు. ఎవరో రాసినట్టున్నాయి. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? పడాల్సింది పడ్డాను కదా? వేలితో ఒక్క నొక్కు నొక్కి చెరిపేశాడు. రెండుసార్లు కూర వడ్డించుకుని తిని, మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు.

జవాబు సాయంత్రం వచ్చింది. 'తప్పు నాదే. క్షమించండి.'

ఏడో రోజు ఓట్లు చాలలేదు. పానకాలరావు ఈసారి జాగ్రత్త గురించి ఏమీ రాయలేదు. 'తగినంత మద్దతు రాలేదు' అని మర్యాదగా ముగించాడు. అభ్యర్థి పట్టీ ల్యాబ్‌కి తిరిగివ్వాలి. పార్సిల్లో తెప్పించుకోవచ్చు గానీ, మనసు తేలికపడ్డ మనిషికి ధైర్యం కూడా వస్తుంది. మనిషిని పలకరించి తెచ్చుకుందామని, తినడానికి అరకిలో కాజాలు కొనుక్కుని రైలెక్కాడు.

రైలు నరసరావుపేట దాటాక ఫిలోమినా ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"అడిగినవాళ్ళకి తరవాత ఎలా ఉందని ప్రశ్నాపత్రం ఇచ్చామండీ. చాలామంది 'హాయిగా' అని రాశారు. ఇంకా మూడు ప్రాజెక్టులవాళ్ళు పట్టీలు కావాలంటున్నారు."

"మంచిదేగా అమ్మా."

"మనుషుల్ని ఆపేది జాలి అనుకున్నాను పానకాలరావు గారూ. కాదు. తప్పు చేశామన్న బాధ ఆపుతోంది. దాన్ని అరగంటలో తీర్చేసే మిషన్ తయారు చేసి పెట్టాను నేను" అంది. ఆపైన "మీకెలా ఉంది?" అని అడిగింది.

"బానే ఉందమ్మా" అన్నాడు. అన్నాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు గానీ ఏమీ కనిపించలేదు.

మార్కాపురంలో ఖాదర్ వలి ఇల్లు ఫ్యాక్టరీ వెనక సందులో ఉంది. ఒక గది, ముందు రేకుల పంచ. పంచలో కుట్టుమిషన్ దగ్గర అతని భార్య మాబున్నీ ఉంది. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, లోపలికెళ్ళి పట్టీ తెచ్చి ఇచ్చింది. దాని బెల్టు చివరి రంధ్రం దగ్గర నలిగి ఉంది. అంత సన్నటి చుట్టు మగవాడి మణికట్టుకి చాలదు. పానకాలరావు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నేనే కట్టుకున్నా సార్" అంది మాబున్నీ తల దించుకుని. "రాయి కోసే మిషన్ దగ్గర చేతికి ఏమీ ఉండకూడదంట. కట్టుకుంటే పనిలోకి రావద్దన్నాడు మేస్త్రీ. వారం పని పోతే ఎట్టా? ఫోన్ కూడా నా దగ్గరే పెట్టుకున్నా. వచ్చినయ్యన్నీ నేనే చదివినా. ఆయనకి ఆకుల గురించి అడిగినయ్యే చెప్పినా. మిగతాయి చెప్పలా. మీ పరీక్ష చెడగొట్టి ఉంటే మన్నించండి."

"గంగపాయల ప్రశ్న..." అన్నాడు పానకాలరావు.

"అది చదివినప్పుడు కుట్టుమిషన్ మీదే తల పెట్టుకుని ఏడ్చినా సార్. ఈయన మళ్ళీ ఆ మాటే రాయమంటాడని తెలుసు."

తను పంచుకున్నాననుకున్న బాధ ఖాదర్ వలిది కాదు. ఏ తప్పూ చెయ్యని, ఏ తూకానికీ నిలబడని ఈ ఇల్లాలిది. దాన్ని అరగంట మోసి, చెల్లిపోయిందనుకుని, తను కడుపునిండా తిని పడుకున్నాడు. ఐదో రోజు దిగిపోయిన బరువంతా ఒక్కసారిగా వచ్చి ఛాతీ మీద కూర్చుంది. దాన్ని ఆయన వెంటనే గుర్తుపట్టాడు.

అప్పుడే ఖాదర్ వలి వచ్చాడు. తలమీద, కనుబొమ్మల మీద బూడిదరంగు రాతిపొడి. "అరే, సార్, మీరెందుకొచ్చారింత దూరం?" అంటూ పంచ చివర తొట్టి దగ్గర మొహం కడుక్కున్నాడు.

"నీకెలా ఉందయ్యా ఆ వారం?" అని అడిగాడు పానకాలరావు. ఏం అడుగుతున్నాడో ఆయనకే తెలియలేదు.

"నాకేముంది సార్. పొద్దస్తమానం పనే కదా." తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అన్నాడు ఖాదర్ వలి. "ఆ పాత ప్రశ్న వచ్చిందని ఈమె చెప్పింది కదా, ఆరోజు నుంచీ మధ్యాహ్నం అన్నానికొచ్చినప్పుడల్లా ఫోన్ చూసేవాణ్ణి. మీ పేరేమన్నా కనిపిస్తుందేమోనని. అంతే."

కోపంగా అనలేదు. దెప్పి పొడవలేదు. బస్సు వచ్చిందేమో చూశానన్నట్టు అన్నాడు. పానకాలరావు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ముగించిన తూకాన్ని ఒక్క రోజుకి తిరిగి తెరిచే హక్కు ముగింపు రాసినవాడికి ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎప్పుడూ వాడలేదు. ఫోన్ తీసి తెరిచాడు. 'రెండు పట్టీలూ ధరించండి' అంది పేజీ. సంచీలోంచి తన పట్టీ తీసి కట్టుకున్నాడు. రెండోది చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక చూస్తుంటే, మాబున్నీ చెయ్యి చాపింది.

"నువ్వొద్దులే" అన్నాడు ఖాదర్ వలి. "ఈసారి నాకు పెట్టండి సార్."

పానకాలరావు దాన్ని అతని మణికట్టుకి కట్టాడు. మాబున్నీ లోపలికెళ్ళి టీ తెచ్చి పెట్టింది. తరవాత ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ మొదటినుంచి టైపు చేశాడు. రెండుసార్లు తప్పులు పడితే దిద్దుకున్నాడు. కింద పూర్తి పేరు, ఊరు పెట్టి పంపించి, ఫోన్ ఖాదర్ వలికి ఇచ్చాడు. అతను పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. చదివి ఫోన్ తిరిగిచ్చాడు.

పానకాలరావు ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఇప్పుడు బిగుస్తుంది. రెండేళ్ళ కోపం, విషం కూర అన్నవాళ్ళ నవ్వులు, వారం రోజుల ఎదురుచూపు, అన్నీ కలిసి వస్తాయి. రానీ. ఎంతొచ్చినా పడాలనే ఉంది. పడితే తప్ప తీరదని ఉంది.

"టీ తాగండి సార్, చల్లారిపోతోంది" అన్నాడు ఖాదర్ వలి.

అరగంట గడిచింది. పట్టీ వదులుగానే ఉంది.