తల తిప్పినా కదలని చప్పుడు

పటమటలోని ఆ అపార్ట్‌మెంటులో 302కి చెడ్డపేరుంది. పాలవాడు ప్యాకెట్లు లిఫ్టు దగ్గరే పెట్టేసి పోతాడట.

అందులో ఒంటరిగా ఉండే ఛాయాదేవి గారు ధనిష్ఠా పంచకంలో పోయారు. అలా పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలంటారు కదా! శవం గడప దాటిన సాయంత్రమే బంధువులు తాళం వేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రే లోపల ఏడుపు మొదలైంది. సన్నగా, సాగదీసి... తొమ్మిది రాత్రులు. తర్వాత కంపు. ఆ పైన ఏ అలికిడీ లేదు.

ఆరు నెలలు నిండాక రంగులు వేయించి అద్దెకిచ్చారు. దిగినవాడు హేమసుందర్, కైకలూరు చేపల వ్యాపారుల ఇంటివాడు. వాచ్‌మన్ భార్య అంకాలమ్మ చెప్పిన కథంతా విని, అతని భార్య ఉష చంటిదాన్ని గుండెకు హత్తుకుని ఒకే మాట అంది.

"ఒక్క వింత చప్పుడు వినబడిందా, పాపను తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రానండీ."

ఏమీ లేదని పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు హేమసుందర్. కొత్త రంగు కింద ఏదో పాత వాసన తగులుతూనే ఉంది. మీ చొక్కాల వాసనే అని కొట్టిపారేసింది ఉష. వీధి తలుపు అడుగున, రంగు కింద, గీతలున్నాయి. ఎవరి పిల్లలో గీకి ఉంటారనుకున్నాడు.

పాప పడుకుంటే టీవీ నోరెత్తకూడదు. అతనికేమో సినిమా పిచ్చి. అందుకే సరౌండ్ సౌండ్ హెడ్‌ఫోన్లు కొన్నాడు. వాన నెత్తిమీద, లారీలు వెనక, మనిషి ఊపిరి చెవి పక్కన... ఇల్లే థియేటరైపోయింది.

నాలుగో రోజు, పాప నిద్రపోయాక, సినిమాలో హీరో చీకటి గదిలో నడుస్తున్నాడు. హేమసుందర్ వెనక, కాస్త పైనుంచి — గరగర... గరగర... ఎవరో ఎండిన అప్పడం తీరిగ్గా నములుతున్నట్టు.

భలే పెట్టాడు సౌండు అనుకున్నాడు. నీళ్ళు తాగుదామని సినిమా ఆపాడు.

చప్పుడు ఆగలేదు.

హెడ్‌ఫోన్లు తీశాడు. ఏమీ లేదు. పెట్టుకున్నాడు... ఉంది. మెల్లగా తల కుడికి తిప్పాడు. సినిమా చప్పుళ్ళయితే తలతో పాటే తిరుగుతాయి. ఇది తిరగలేదు. అటక దగ్గరే ఉండిపోయింది.

ఉషను లేపితే ఈ రాత్రే పెట్టె సర్దుతుంది. లేపకుండా తనే స్టూలెక్కాడు. ఫోను లైటు వేసి ఓరగా ఉన్న అటక తలుపు లాగాడు.

బొద్దింకలు! వందలు. మొహం మీద, కాలర్లో, ఒకటి సరాసరి పెదవి మీద... వాటి కింద ఎండి అట్టకట్టిన పిల్లి. పళ్ళు బయటపెట్టి. కన్నుండాల్సిన చోటులోంచి ఇంకో బొద్దింక తాపీగా బయటికొచ్చింది. మెడలో ఎర్ర పట్టీ, దానికో మువ్వ.

చేపల కుళ్ళులో పెరిగినవాడే, సింకు దగ్గర పేగులు నోట్లోకొచ్చేలా వాంతి చేసుకున్నాడు.

కాస్త తేరుకున్నాక హెడ్‌ఫోన్లు తిప్పి చూశాడు. పక్కనున్న బటన్ ఎప్పుడో నొక్కుకుపోయింది. బయటి చప్పుళ్ళను పెద్దవి చేసి వినిపించే బటన్ అది. అంతే! దెయ్యం లేదు, కాపురం దక్కింది. నవ్వొచ్చినంత పనైంది.

ఈ గందరగోళానికి ఉష లేచి వచ్చింది. ఎదురు ఫ్లాటు రామకోటేశ్వరరావు గారు లుంగీ సర్దుకుంటూ వచ్చి, మువ్వ చూసి ఇట్టే గుర్తుపట్టారు. ఛాయాదేవి గారి పిల్లేనట. ఎటో పోయిందనుకున్నారట. రంగులవాళ్ళు అటక జోలికే పోలేదట.

ఉష తలుపు అడుగున ఉన్న గీతలను చేత్తో తడిమింది.

"మరి ఆ తొమ్మిది రాత్రులూ ఏడ్చింది?"

"వినడానికి అచ్చం పిల్లి అరుపేనమ్మా," అన్నారాయన, గొంతు తగ్గించి. "ఆవిడకి ఈ పిల్లంటే ప్రాణం కదా... దాని గొంతుతో ఆవిడే ఏడుస్తున్నారనుకున్నాం. గడప బయట నిమ్మకాయలు కూడా కోశాం. ఆరు నెలల్లోపు తలుపు తియ్యకూడదు కదమ్మా."

బొద్దింక పెదవి మీద పాకినప్పుడు కూడా హేమసుందర్‌కు ఇంత రోత పుట్టలేదు. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే తలుపు వేసేశాడు.

"దెయ్యం లేదని తేలిందిగా," అన్నాడు ఉషతో. "ఇక భయం లేదు."

ఉష అప్పటికే పాప గుడ్డలు మడతపెడుతోంది.

"దెయ్యమైతే ఎలాగో సర్దుకుపోదునండీ," అంది. "రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు నేను స్పృహ తప్పి పడిపోయాననుకోండి. పాప ఆ తలుపు దగ్గర ఏడిస్తే... వీళ్ళు నిమ్మకాయలు కోస్తారు."

హేమసుందర్ హెడ్‌ఫోన్లు పెట్టెలో అడుగున పడేసి, తెల్లవారగానే సామాన్ల బండి పిలిచాడు.

302 మళ్ళీ ఖాళీ. ఈసారి వారం కూడా ఉండనివ్వలేదమ్మా ఛాయాదేవి గారు అని ఆ అపార్ట్‌మెంటులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.