లాక్టేట్ ఎంత?

"విచారణ గదిలో కెమిస్టు కాఫీలో ఎవరో గడ్డిమందు కలిపారు," అన్నాడు చీఫ్. "కలిపింది మనమేనని వాడి నమ్మకం. అందుకే నోరు విప్పడు."

ఏజెంట్ డేగ ల్యాబ్ కోటు తొడుక్కుంటూ విన్నాడు. కెమిస్టు విదేశీ ముఠా మనిషి. అదే మందు ఈ సాయంత్రం ఊళ్లోని ఒక మంచినీళ్ల ట్యాంకులో కలవబోతోంది. ఏ ట్యాంకో వాడికే తెలుసు.

"బతుకుతాడా?"

"అది రక్తం చెప్పాలి. పైకి మాత్రం పెళ్లికొడుకులా ఉన్నాడు."

నిజమే. ఆస్పత్రి మంచం మీద కెమిస్టు నర్సుతో పరాచికాలాడుతున్నాడు. ఈ మందు మర్యాదే అంత. ముందు మనిషిని నవ్వనిస్తుంది, తర్వాత ఊపిరితిత్తులను తీరిగ్గా పిండేస్తుంది. ల్యాబ్ కంప్యూటర్‌లో, ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే లాక్టేట్ ఆకాశాన్నంటింది, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ దాని వెనకే పరిగెడుతోంది. రక్తంలో మందు మోతాదు చూసి డాక్టరు కళ్లజోడు తీసేశాడు. ఆశ లేదన్నాడు.

అంతలో ల్యాబ్ కిటికీ దగ్గర సెంటు వాసన గుప్పుమంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదవులు, చేతిలో రుమాలు.

"నేను ఆయన భార్యనండీ," అంది ఏడుపుగొంతుతో. "లాక్టేట్ ఎంతుంది?"

డేగకు నవ్వొచ్చింది. ఏ పెళ్లామైనా మొగుడు బతుకుతాడా అని అడుగుతుంది. పైగా ఆ గొంతు చీఫ్ స్టెనోది. విచారణ గదిలోకి కాఫీ తెచ్చేదీ ఆమే.

"భయం లేదమ్మా," అన్నాడు మాస్కు చాటు నుంచి. "అన్నీ నార్మల్. బతికి బట్టకడతారు."

ఆమె మొహం మాడిపోయింది.

డేగ ఆమెకంటే ముందే వెళ్లి కెమిస్టు మంచం పక్క తెర వెనక నక్కాడు. ఆమె మంచం మీదకు వంగింది. "వాన వెలిసింది." అది ముఠా కోడ్. "మనవాళ్లు విరుగుడు పంపారు."

కెమిస్టు ఆశగా చెయ్యి చాపాడు. సిరంజి చర్మానికి తగలబోతుండగా డేగ ఆమె మణికట్టు పట్టేశాడు.

"ముందు నువ్వు పొడుచుకో, చూద్దాం."

ఆమె గింజుకుంది. కళ్లద్దాలు కిందపడ్డాయి.

"కాఫీ తెచ్చింది నువ్వేగా!" కెమిస్టు అరిచాడు. "నీకు మా కోడ్ ఎలా... అంటే, నన్ను చంపుతోంది మావాళ్లేనా?"

కెమిస్టు నోరు విప్పాడు. "రైల్వే లైను పక్క ట్యాంకు. త్వరగా!"

డేగ గడియారంలోని మైకు ఆ మాటను మోసుకెళ్లింది. గార్డులు ట్యాంకు చేరేసరికి గడ్డిమందు డ్రమ్ము మూత తెరిచే ఉంది. నీళ్లలో మాత్రం ఇంకా ఒక్క చుక్క పడలేదు.

"ల్యాబ్ కోటు వేసుకున్నావుగా," అన్నాడు కెమిస్టు. "నా రిపోర్టు చూశావా?"

డేగకు జాలేసింది. ఊరిని చంపబోయినవాడి మీద జాలేమిటని తనను తానే తిట్టుకున్నాడు.

"చూశాను. అన్నీ నార్మల్."

కెమిస్టు హాయిగా దిండుకు ఆనుకుని, ఇక్కడ మంచి కాఫీ దొరుకుతుందా అని అడిగాడు.