ర్యాంపు మీద పిలుపు

మా మేనత్త పనిచేసిన కాన్పుల ఆసుపత్రిలో వెనకవైపు ఒక ర్యాంపు ఉండేది. వెనక గేటు నుంచి పై అంతస్తు వార్డుకి స్ట్రెచర్లు తోసుకెళ్లే దారి. చీకటి పడితే అటు ఒంటరిగా ఎవరూ వెళ్లేవారు కాదు. కాన్పులో పోయిన మనిషి ఒకామె అక్కడే తిరుగుతోందని... 'అక్కా' అని పిలుస్తుందని... పలికామా, ఇక అంతేనని!

అత్త అక్కడ ఆయా. బల్లికి తప్ప దేనికీ భయపడని మనిషి.

ఆ రాత్రి వార్డులో మంచానికి ఇద్దరు బాలింతలు. దుప్పట్లు చాల్లేదు. కింద గదిలోంచి తెమ్మని నర్సు పంపింది. తోడు రావడానికి ఎవరికీ తీరిక లేదు.

దుప్పట్లు చంకన పెట్టుకుని అత్త ర్యాంపు ఎక్కుతోంది. మలుపులో లైటు లేదు. గోడ తడుముకుంటూ రెండడుగులు వేసిందో లేదో—

"అక్కా..."

అత్త ఒళ్లు జల్లుమంది. విననట్టే నడిచింది.

"అక్కా... చలేస్తోంది..."

పరుగెత్తబోయింది. పాదం జర్రున జారింది. పడబోయి నేలకు చెయ్యి ఆనించింది— గోరువెచ్చగా... జిగటగా...

నెత్తురు!

దెయ్యానికి ఇంత వెచ్చటి నెత్తురు ఎక్కడిది?

"ఎ... ఎవరమ్మా?" పలికేసింది అత్త.

ఫోను లైటు వేసింది. గోడకి జారగిలబడి ఒక పిల్ల. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. కాన్పు ఇంట్లోనే అయిందట. ఆటోవాడు వెనక గేటు దగ్గర దింపేశాడు. బిడ్డనెత్తుకుని పిల్ల వాళ్లమ్మ చీటీ రాయించడానికి ముందువైపు పరుగెత్తింది. నెత్తురు ఆగకపోతే ఈ పిల్ల తనే పైకి పాకింది.

"కళ్లు మూయకు! నన్నే చూడు!" దుప్పటి కుక్కి, పొత్తికడుపు గట్టిగా రుద్దుతూ అత్త గొంతు చించుకుని అరిచింది.

ఎవరూ రాలేదు.

పైన తలుపు మూసుకున్న చప్పుడు... గడియ పడిన చప్పుడు...

"సిస్టర్! నేను దెయ్యాన్ని కాదు... ఆయాని! ఈ పిల్ల పోతోంది, రండి!"

అప్పుడు తెరుచుకుంది తలుపు.

తెల్లారేసరికి మూడు సీసాల రక్తం ఎక్కించారు. పిల్ల కళ్లు తెరిచి, బిడ్డేదని అడిగింది.

అత్త టీ తెచ్చి ఇస్తే నర్సు ముట్టుకోలేదు.

"ఆయమ్మా... పోయిన నెల నేనూ విన్నాను. 'అక్కా, దాహం' అంది. చెవులు మూసుకుని పరుగెత్తాను."

"మరి... ఆ మర్నాడు పొద్దున అక్కడ చచ్చిపడున్న ఆవిడ?"

నర్సు తలుపు గడియ వైపు చూసింది. అంది—

"దెయ్యమే చంపిందని చెప్పుకున్నాం కదా..."