కౌంటరుకు అవతల కూతురు

పొద్దున్నే మొహం మీద నీళ్ళు చల్లుకోగానే పెద్దక్కకు ప్రాణం జివ్వుమంది. మామూలు కొళాయి నీళ్ళే. అయినా కారం కలిపిన నీళ్ళు పడ్డట్టు బుగ్గలు భగ్గుమన్నాయి. సింకు అంచు పట్టుకుని, మంట కాస్త తగ్గేదాకా నిలబడి, తలెత్తి అద్దంలో చూసుకుంది. ముక్కుకు రెండు పక్కలా కంది ఉంది. పెదాల చుట్టూ చర్మం పొట్టు లేస్తోంది. కళ్ళ కింద వాపు నిన్నటికంటే పెరిగింది.

ఇంకెంతసేపని బయటినుంచి భర్త అడిగాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఎక్కడో ఒక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని కబురొస్తే తింటున్న కంచం వదిలేసి పరిగెత్తాల్సిందే. ఆమె తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఏమైందంటే ఇస్త్రీ ఆవిరి తగిలిందని చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికేముంది? ఇరవై రెండేళ్ళుగా ఆమె లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గరే నిలబడుతోంది. అక్కడివాళ్ళు పెద్దక్క, పెద్దక్క అని పిలిచి పిలిచి, చివరికి ఇరుగుపొరుగుకు కూడా ఆమె పెద్దక్కే అయిపోయింది.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె బీరువాలో దుప్పట్ల వెనక దాచిన సంచీ తీసింది. అందులో ఆరు సీసాలు ఉన్నాయి. ఒకటి మొహం కడుక్కునే జెల్లు, ఒకటి నీళ్ళలా ఉండే టోనరు, రెండు సీరంలు, రెండు క్రీములు. ఒక్కొక్కటే మూత తీసి, వరసగా ఆరూ పూసుకుంది. మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదట్లో కాస్త చిమచిమలాడుతుందని చెప్పిన గొంతు గుర్తు తెచ్చుకుని ఓర్చుకుంది.

ఆ గొంతు ఆమె కూతురిది.

నోరు మూతపడని పిల్ల కావడంతో తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. బడినుంచి వస్తూ మెట్ల దగ్గరే కబుర్లు మొదలుపెట్టేది. అన్నం తింటూ, జడ వేయించుకుంటూ, నిద్ర ముంచుకొస్తున్నా ఆపేది కాదు. అలాంటి పిల్ల టీచరు చదువు ఆఖరి ఏడాదిలో మానేసి, పెద్ద దుకాణంలో మొహానికి రాసుకునే సరుకులు అమ్మే ఉద్యోగంలో చేరానని ఒకరోజు ఇంటికొచ్చి చెప్పింది. ఆ పని తనకు ఇష్టమని, చర్మం గురించి చదువుకుంటున్నానని, ముందు ముందు సొంతంగా ఏదైనా పెట్టుకుంటానని ఏదేదో చెప్పబోయింది. పెద్దక్క వినలేదు.

“పదిమంది మొహాలు తుడవడానికా నిన్ను ఇంత చదివించింది?” అంది.

పిచ్చుక మాటకు మాట విసిరి ఉంటే ఆ గొడవ ఆ పూటతో పోయేది. చప్పుడు చేయకుండా బట్టలు సర్దుకుని, దుకాణంలో పనిచేసే ఇద్దరమ్మాయిలు ఉంటున్న గదికి వెళ్ళిపోయింది. పది నెలలైంది. తండ్రితో మాత్రం రోజూ ఫోనులో మాట్లాడుతుంది. ఆయన బాల్కనీలో నిలబడి మాట్లాడుతుంటే పెద్దక్క ఆరిన బట్టలనే మళ్ళీ మళ్ళీ దులుపుతూ పక్కనే తచ్చాడేది. ఆయన “ఊఁ”లూ “అలాగా”లే వినపడేవి. అవతలి మాటలు వినపడేవి కావు. అమ్మతో మాట్లాడతావా అని ఆయన అడిగినప్పుడల్లా ఒక క్షణం ఆగి, సరే ఉంటానని పెట్టేసేవాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఆమె ఊపిరి బిగబట్టి నిలబడేది.

మూడు నెలల క్రితం, పనినుంచి వస్తూ, కాళ్ళు తీసుకుపోయినట్టు ఆ దుకాణంలోకి వెళ్ళింది. దూరంనుంచి చూసి వచ్చేద్దామనుకుంది. తెల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి ముడివేసుకుని, గాజు కౌంటరు వెనక పిచ్చుక నిలబడి ఉంది. మనిషి చిక్కింది. ఇద్దరి చూపులూ కలిశాయి. పక్కనే సూపర్‌వైజరు ఉంది.

“రండి మేడమ్. ఏం చూపించమంటారు?” అంది పిచ్చుక.

కన్న కూతురి నోట ఆ ‘రండి’ వినగానే పెద్దక్క గుండె కలుక్కుమంది. వెనక్కి తిరిగి పోవాల్సింది. పోలేకపోయింది. మొహానికేదైనా కావాలని నసిగింది. పిచ్చుక ఆమెను ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి ఎత్తింది. తడి దూదితో నుదురు తుడిచింది. చల్లటి క్రీము వేలికొసతో బుగ్గమీద గుండ్రంగా, నెమ్మదిగా రుద్దింది. నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఒకరు అమ్మా అనలేదు, ఇంకొకరు అమ్మాయీ అనలేదు. పెద్దక్క కళ్ళు మూసుకుంది, తెరిస్తే ఏడుస్తానని.

ఆ రోజు ఒక సీసా కొంది. ఇది వాడి, రెండు వారాల తరవాత వచ్చి చూపించమంది పిచ్చుక. అలాగే వెళ్ళింది. ఇంకొకటి ఇచ్చింది. మళ్ళీ రమ్మంది. అలా ఆరు గురువారాలు. ప్రతిసారీ పిచ్చుక ఏది ఎప్పుడు రాసుకోవాలో, దేనితో ఏది కలపకూడదో చెబుతూనే ఉండేది. పెద్దక్కకు ఆ గొంతు వినపడేది గానీ ఒక్క ముక్క తలకెక్కేది కాదు. అంత దగ్గరగా ఆ కనురెప్పలు, నుదుటి మీద చిన్నప్పటి మచ్చ కనపడుతుంటే ఎవరికి ఎక్కుతుంది? ఇంటికొచ్చాక ఏదీ వదలబుద్ధయ్యేది కాదు. అన్నీ ఆ పిల్ల చేత్తో ఇచ్చినవే కదా. పొద్దునా సాయంత్రమూ అన్నీ పూసుకునేది.

మొహం మండి సింకు పట్టుకున్న ఆ రోజే మధ్యాహ్నం లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే ఆవిరి ఒక్కసారి మొహాన కొట్టింది. నిప్పులమీద మొహం పెట్టినట్టయింది. ఇస్త్రీపెట్టె వదిలేసి మొహం అరచేతుల్లో దాచుకుని అక్కడే కూలబడింది. బట్టలు మడతపెట్టే ఆవిడ పరిగెత్తుకొచ్చి చూసేసరికి ఒక కన్ను వాచి సగం మూసుకుపోయి ఉంది. ఆవిడే భర్తకు ఫోను చేసింది.

చర్మం డాక్టరు, ఈ మధ్య మొహానికి కొత్తగా ఏం వాడారని అడిగింది. పెద్దక్క నీళ్ళు నమిలింది. భర్త గట్టిగా అడిగేసరికి దుప్పట్ల వెనక సంచీ సంగతి బయటపెట్టక తప్పలేదు. ఆయన ఇంటికి వెళ్ళి తీసుకొచ్చాడు. డాక్టరు సీసాలన్నీ బల్లమీద నిలబెట్టి చూసింది. వీటిలో మూడు చర్మం పైపొరను ఒలిచేవేనని, ఒకదాని మీద ఒకటి పూస్తే ఎవరి చర్మమైనా ఇలాగే అవుతుందని చెప్పింది. మూడు వారాలు మామూలు నీళ్ళు, తను రాసిచ్చిన మందు తప్ప ఇంకేమీ తగలకూడదని, మొహాన్ని ఊరికే చేత్తో తడమడం కూడా వద్దని హెచ్చరించింది.

భర్త సంచీ మీద దుకాణం పేరు చూశాడు. సీసాలన్నీ అందులో వేసుకుని లేచాడు. మామూలుగా ఆయనకు కోపమొస్తే ఇల్లంతా దద్దరిల్లుతుంది. దవాఖానా మెట్లు దిగుతున్నంతసేపూ నోరు విప్పకపోవడంతో పెద్దక్కకు భయమేసింది.

“అక్కడికి వెళ్ళొద్దు. దాని ఉద్యోగం పోతుంది,” అంది.

“పది నెలలనుంచి మీ ఇద్దరి మధ్యా రాయబారం నడుపుతున్నాను. దానికి నువ్వంటే కోపం, నీకు అదంటే కోపం అని నేనొక్కణ్ణే కుమిలిపోతున్నాను. మీరేమో అక్కడ కలుసుకుంటున్నారు. నాకు ఒక్క మాట చెప్పారా?”

ఆయన నడక ఆపలేదు. ఆమె వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళింది.

దుకాణంలో అప్పుడే రద్దీ మొదలవుతోంది. ఆయన నేరుగా కౌంటరు దగ్గరికి పోయి సంచీ గాజు మీద పెట్టాడు. నాన్నను చూసి నవ్వబోయిన పిచ్చుక, ఆయన భుజం వెనక తల్లి మొహం చూసి కొయ్యబారిపోయింది. చేతిలో ఉన్న పెట్టె జారిపడింది.

“ఇవన్నీ నువ్వే అమ్మావా?” అన్నాడు ఆయన.

పిచ్చుక తల ఊపింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. సూపర్‌వైజరు గబగబా వచ్చి, జరిగినదానికి చాలా బాధపడుతున్నామని, ఫిర్యాదు రాసిస్తే ఈ అమ్మాయి మీద విచారణ జరిపిస్తామని మర్యాదగా చెబుతూ కాగితం తీసింది. కాగితం చూసేసరికి ఆయన కోపం సగం దిగిపోయింది. ఇంతదాకా వస్తుందని ఆయన అనుకోలేదు. కూతురి వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూశాడు.

పెద్దక్క ముందుకొచ్చింది. పదిమందిలో ఆ మొహంతో నిలబడాల్సి వచ్చినందుకు ఆమెకు సిగ్గేమీ అనిపించలేదు.

“ఫిర్యాదేమీ లేదమ్మా. ఈ పిల్ల అన్నీ సరిగ్గానే చెప్పింది. వినకుండా అన్నీ కలిపి పూసుకున్నది నేను,” అంది.

సూపర్‌వైజరు నమ్మలేదు. ఈవిడ మన పాత కస్టమరే కదా, అంతా వివరించే అమ్మావా అని పిచ్చుకను అడిగింది.

“కస్టమరు కాదు మేడమ్,” అంది పిచ్చుక. “మా అమ్మ.”

సూపర్‌వైజరు ముగ్గురినీ ఒకసారి చూసి, కాగితం మడిచి పక్కన పెట్టింది. వెళ్ళి ఒక గంట కూర్చుని మాట్లాడుకోండని సరుకుల గది వైపు చూపించింది.

అట్టపెట్టెల మధ్య ఒక బల్ల ఉంది. తల్లీకూతుళ్ళు దానిమీద కూర్చున్నారు. తండ్రి తలుపు దగ్గరే ఆగిపోయాడు. పిచ్చుక అలవాటుగా చెయ్యి చాపి, ఆ ఎర్రటి చర్మాన్ని దగ్గరగా చూసి, ముట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఎందుకమ్మా ఇలా చేశావు? రెండోది మొదలుపెడితే మొదటిది ఆపేయమని ఎన్నిసార్లు చెప్పాను!”

“ఏం చెప్పావో నాకేమీ గుర్తులేదే. నువ్వు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తితే నాకింకేమీ వినపడేది కాదు. దానికోసమే వచ్చేదాన్ని. క్రీముల కోసమా?”

పిచ్చుక ఏడవడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలా, ముక్కు మోచేత్తో తుడుచుకుంటూ ఏడ్చింది. కాస్త తేరుకున్నాక, తల దించుకునే చెప్పింది.

“నీకు ఇవేవీ అక్కర్లేదు. మొదటి రోజే తెలుసు నాకు. నీది పొడిచర్మం, ఒక్క మామూలు క్రీము చాలు. అది ఇచ్చి పంపిస్తే మళ్ళీ ఎందుకొస్తావు? అందుకే ప్రతిసారీ ఇంకొకటి వెతికి అంటగట్టాను. ఆఖరిది ఇచ్చేటప్పుడు తీసి మళ్ళీ అరలో పెట్టాను కూడా. ఇది ఎక్కువవుతుందేమో అనుకున్నాను. అయినా ఇచ్చాను. మళ్ళీ గురువారం రావాలి కదా నువ్వు.”

తనొక్కతే అల్లాడిపోతున్నానని అనుకుంది పెద్దక్క ఇన్నాళ్ళూ. గాజు బల్లకు అవతల ఈ పిల్ల కూడా రోజులు లెక్కపెట్టుకుంటోందని, రెండు వారాలకొకసారి రప్పించుకోవడానికి సాకులు వెతుక్కుంటోందని ఆమె ఊహకు అందనే లేదు. ఒక్క మాట, ఇద్దరిలో ఎవరో ఒకరు ఒక్క మాట అని ఉంటే పోయేది.

“ఫోను అని ఒకటుంటుంది, తెలుసా మీకు? రోజూ నా చేతిలోనే ఉండేది,” అన్నాడు తండ్రి తలుపు దగ్గరినుంచి. ఆ మాటకు తల్లీకూతుళ్ళిద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వితే పెద్దక్క బుగ్గలు మండాయి.

“ఆ రోజు నేనన్న మాట...” అని మొదలుపెట్టింది పెద్దక్క. “అది తప్పు. నువ్వు తుడుస్తుంటే అక్కడ కూర్చున్నాక తెలిసింది నాకు, అదెలాంటి పనో. మర్చిపోవే.”

“మర్చిపోలేనమ్మా,” అంది పిచ్చుక నిజాయితీగా. “పనిలో ఎవరైనా విసుక్కుంటే ఆ మాటే వినపడుతుంది. కానీ ఇంటికి వస్తాను.”

అంతకంటే ఎక్కువ అడిగే హక్కు తనకు లేదనుకుంది పెద్దక్క.

అవసరం లేని సరుకు అమ్మానని పిచ్చుక తనంతట తనే రాసిచ్చింది. గట్టిగా మందలించి వదిలేశారు. గదిని ఖాళీ చేయలేదు. ఉద్యోగమూ మానలేదు. గురువారం సెలవు పెట్టుకుని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది.

పెద్దక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. వాపు తగ్గింది గానీ చర్మం ఇంకా పొరలు పొరలుగా లేస్తూనే ఉంది. పిచ్చుక ఎదురుగా కుర్చీ లాక్కుని, మొహాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పించి చూసింది, వేలు తగలకుండా. మానుతోందంది. ఇంకా రెండు వారాలు ముట్టుకోకూడదంది. పిచ్చుక చూపు తల్లి ఒళ్ళో ఉన్న చేతుల మీద పడింది. ఏళ్ళ తరబడి ఆవిరికి ఎండి, గరుకెక్కి, వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు తేలిన చేతులు. వాటినెప్పుడూ సరిగ్గా చూసినట్టు గుర్తులేదు పిచ్చుకకు.

చటుక్కున తన సంచీ తెరిచి అందులో ఏదో ట్యూబు కోసం వెతకబోయింది.

“ఏమీ రాయొద్దు,” అంది పెద్దక్క, చెయ్యి ముందుకు చాపి. “ఊరికే పట్టుకో.”

పిచ్చుక సంచీ కింద పెట్టేసి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.