బిళ్ల అడగని రొట్టె

శుక్రవారం సాయంత్రం సంఘ పెద్ద గాసి ఇంటికొచ్చి, భుజానున్న గుడ్డసంచిని మేకుకు తగిలించబోతే లోపల ఏదో గలగలమంది. పొయ్యి దగ్గరున్న రత్నాలు చటుక్కున తల తిప్పింది! ఎప్పుడూ ఖాళీగా వచ్చే సంచి... ఇరవై ఏళ్లుగా ఒక్కనాడూ చప్పుడు చేయని సంచి... ఈవేళ మోగిందంటే, ఏదో గుమ్మం ముందు మొగుడు ఆగకుండా వచ్చేశాడన్నమాట. ఆ గుమ్మం ఎవరిదో కన్నతల్లికి వేరే ఎవరైనా చెప్పాలా!

ఈ బిళ్లల సంగతి కాస్త చెప్పుకోవాలి, అమ్మల్లారా! కొర్రగూడ కొండ మీద ఉన్నది ప్రెస్బిటేరియన్ చర్చి. ఆ పేరు పలకమంటే ఊళ్లో సగం మందికి నోరు తిరగదు గనక పెద్దల సంఘం అనేస్తారు. అనడంలో తప్పూ లేదు. అక్కడ ఏదైనా సంఘ పెద్దలు కూర్చుని తేల్చాల్సిందే, పాస్టరుగారైనా వాళ్ల మాట దాటడానికి లేదు. నెలకోసారి ప్రభువు బల్ల. దానికి ముందు శుక్రవారం ప్రతి పెద్దా తన వాడలో ఇల్లిల్లూ తిరిగి, బాగోగులు అడిగి, మనిషికో ఇత్తడి బిళ్ల చేతిలో పెడతాడు. ఆదివారం ఆ బిళ్ల పళ్లెంలో వేసినవాళ్లకే రొట్టె, ద్రాక్షరసం. ఎప్పుడో ఓ తెల్లదొర పెట్టి వెళ్లిన పద్ధతి ఇది. దొర దేశంలో దాన్ని మరిచిపోయే ఉంటారు, కొర్రగూడ మాత్రం మరవలేదు. ఏ పక్కవాడలోనో తాగి పెళ్లాన్ని కొట్టినవాడికి ఓ నెల బిళ్ల ఉండదు. రెండో నెలకి కళ్లు తుడుచుకుంటూ వస్తాడు, ఇచ్చేస్తారు.

స్వర్ణ సంగతి అలా నెలతో తీరేది కాదు. గాసికి, రత్నాలుకి ఒక్కగానొక్క కూతురు. కాఫీ గోదాములో పని. ఊరి చివర మెట్ట మీది ఇంట్లో హేమలతతో కలిసి ఉంటోంది. హేమలత ఆసుపత్రి నర్సమ్మ, సాలూరు పిల్ల. ఇక్కడికొచ్చాకే బాప్తిస్మం తీసుకుంది. కన్నవాళ్లు ఇంటికి రావద్దన్నారని మాత్రమే ఊరికి తెలుసు, ఎందుకన్నారో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల కీర్తన ఎత్తుకుంటే చర్చి పైకప్పు లేచిపోతుంది మరి, అడగాలని ఎవరికి తోస్తుంది! ఇద్దరాడపిల్లలు ఒకరికొకరు తోడుగా ఉంటున్నారులే అనుకున్నారు.

అలా ఎన్నాళ్లైనా అనుకునేవారే. ఇంతలో భీముడని మరో సంఘ పెద్ద, తన కొడుకు తేజకి స్వర్ణనిమ్మని అడిగాడు. వేరే పిల్లయితే ఏదో సాకు చెప్పి తప్పుకునేది. ఈ గుంట మాత్రం ఎదురుగా నిలబడి, "మావయ్యా, ఏటనుకోకు. నాను హేమతోనే బతుకుతాను. సచ్చీదాకా ఆవిడే నా మనిషి" అనేసింది! భీముడి మొహం మాడిపోయింది. మర్నాడే పెద్దల కూటంలో పెట్టాడు. వాళ్లిద్దరూ విడిపోయేదాకా బిళ్ల లేదని తీర్మానమైంది. గాసి ఔననలేదు, కాదనలేదు, తలొంచుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నా ఔనన్నట్టేనని వేరే చెప్పాలా?

"ఎవరివి మావా ఆ బిళ్లలు?" అంది రత్నాలు.

"తెలిసీ అడుగుతావేటే?"

"నీ నోటితో సెప్పు! కన్నకూతురి గుమ్మం ముందు నుంచి మొకం తిప్పుకుని వొచ్చీసినానని సెప్పు!"

"నానొక్కడినీ ఏటి సేసేది రత్నాలు? నాను కాదంటే, కూతురు గనక ఎనకేసుకొచ్చినాడంటారు."

"అంటే అననీ! పెళ్లాన్ని సావగొట్టిన గుంటడికి రెండో నెలకే ఇచ్చీసినారు. నా కూతురు ఎవరిని కొట్టిందని... ఎవరి నోటికాడ కూడు లాగిందని?" 

అప్పుడే తలుపు తోసుకుని స్వర్ణ వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. తండ్రి వైపు చూడలేదు. తల్లి పక్కన నేల మీద కూలబడింది.

"అమ్మా, మేం ఎలిపోతాం. హేమ రంపచోడవరం వైపు బదిలీ అడుగుతానంటంది. పక్కన కూకుని పాట పాడినోళ్లే రొట్టెకాడికొచ్చేసరికి మా మొకాలు సూడరు. అలాటిచోట ఎలగుంటాం? ఈ ఆదివారం మాకు చోటు నేకపోతే సోమవారం కొండ దిగిపోతాం..."

"నన్నొగ్గీసి ఎల్తావా తల్లీ!" రత్నాలు కూతుర్ని గుండెలకు హత్తుకుని భోరుమంది. వెలివేసిన ఊరికి ఆడపిల్ల మళ్లీ తిరిగొస్తుందా! ఇక్కణ్నుంచి ఓసారి బొర్రా గుహల రైలెక్కడమే ఆవిడ చేసిన పెద్ద ప్రయాణం. రంపచోడవరం ఏ దిక్కునుందో కూడా ఆ తల్లికి తెలియదు.

కాస్త ఏడుపు తెరిపిచ్చాక స్వర్ణ మెల్లగా అడిగింది. "మా సంగతి నీకేనా అర్థమైందా అమ్మా?"

రత్నాలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకేటీ అర్థం కానేదు. కాఫీ ఎందుకు సేదుగుంటాదో కూడా నాకు తెల్దు, తాగడం మానీసినానా? నువ్వు నా కడుపున పుట్టినావు. నా కాలికి పుండు పడితే హేమ రోజూ మెట్ట దిగొచ్చి కట్టు కట్టింది. నాకు తెలిసినవి ఆ రెండే."

గోడవైపు తిరిగి కూర్చున్న గాసి భుజాలు కదిలాయి. 

తెల్లారింది. కూతురు వెళ్లిపోతుందని చేతిలో పని ఆగుతుందా? చర్చి రొట్టె కాల్చడం రత్నాలు పని, పెళ్లై ఈ గడపలోకి వచ్చినప్పటి నుంచీ ఆవిడదే. కొత్త చోళ్ల పిండి, అదే రాగిపిండి, జల్లించి, గోరువెచ్చని నీళ్లతో కలిపి, పులవనివ్వకుండా పెనం మీద వేస్తుంది. పెద్ద రొట్టె చర్చికి. పక్కన అరచేతంత చిన్న రొట్టె, మంచాన పడ్డవాళ్లకి. ఆ శనివారం కూడా ఏడుస్తూనే కలిపింది, ఏడుస్తూనే కాల్చింది. కాల్చి దించాక చూసుకుంటే చిన్న రొట్టె కూడా ఉంది! అలవాటున చెయ్యి చేసేసింది. మంచాన ఉన్న ముసలి అప్పలనర్సమ్మ వానల్లోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఊళ్లో మంచం పట్టినవాళ్లెవరూ లేరు. ఎవరికోసమీ రొట్టె?

రత్నాలు ఆ రొట్టె వంక చాలాసేపు చూసింది. మంచాన పడ్డవాళ్లు బల్ల దగ్గరికి రాలేరు గనక బల్లే వాళ్ల దగ్గరికి వెళుతుంది. వాడ పెద్దా, తోడుగా పక్కవాడ పెద్దా పళ్లెం, గిన్నె పట్టుకుని ఇంటికి వెళతారు. అక్కడ బిళ్ల అడగరు. పెద్దే తన కాళ్లతో గడప దాటి వచ్చాక ఇంకా బిళ్లెందుకు? పైగా రోగిని ఒంటరిగా తిననివ్వకూడదు. బాప్తిస్మం పొందినవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నా కలిసి తినాలి. మన్యం జ్వరాలతో ఇల్లిల్లూ మూలిగిన రోజుల్లో పెట్టుకున్న నియమమిది. దాన్ని మార్చాలని ఏ పెద్దకీ తోచలేదు.

ఆవిడ రెండు రొట్టెలూ తెల్లగుడ్డలో చుట్టి గాసి చేతిలో పెట్టింది. "పెద్దది చర్చికి మావా. సిన్నది మంచాన పడ్డోళ్లకి."

"మంచాన ఎవులున్నారే? అప్పలనర్సమ్మ పోనాది గదా."

"రేపుంటారు" అని, దుప్పటి చంకన పెట్టుకుని మెట్టెక్కిపోయింది.

కూతురింటికి వెళ్లి నులకమంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది! స్వర్ణ కంగారుగా హేమని కేకేసింది. హేమలత పరుగెత్తుకొచ్చి థర్మామీటరు పెట్టింది, నాడి చూసింది, బీపీ చూసింది.

"అమ్మా, నీకు జ్వరం లేదు. ఏమీ లేదు."

"ఉందని నానన్నానేటి? కాళ్లు రావట్లేదు. నా పిల్లల్ని రావద్దన్న బల్లకాడికి నా కాళ్లు నడవ్వు. కాళ్లు నడవనోళ్లని ఏటంటారు? మంచాన పడ్డోళ్లనరూ?"

హేమలత ఆ మాట విని నవ్వబోయి ఏడ్చేసింది. 'నా పిల్లలు' అంది ఈ తల్లి! సాలూరులో సొంత తల్లి తలుపేసుకున్న రోజున కూడా రాని ఏడుపు, ఇప్పుడు రత్నాలు పాదాల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "సాల్లే, ఊరుకో. రోగి కాడ ఏడవకూడదు" అని కసిరింది రత్నాలు.

ఆదివారం గంట కొట్టారు. కింద కీర్తన ఎత్తుకున్నారు గానీ, పల్లవి ఎక్కడో పడింది, చరణం ఎక్కడో లేచింది. హేమలత లేని పాట అలాగే ఉంటుందిలే అని రత్నాలుకి కాస్త తృప్తి కలిగింది. తర్వాత కింద నిశ్శబ్దం. పాస్టరుగారి వాక్యం అయ్యుంటుంది... బల్ల అయ్యుంటుంది... ఎవరూ రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది! రాకపోతే? మొగుడు ఈసారీ తలొంచుకుని కూర్చుంటే? రేపు ఈ ఇంటికి తాళం పడుతుంది. ఈ మంచం మీదే తను నిజంగా రోగి అయిపోతుంది. ప్రభువా, ఆయన మెడ ఒక్కసారి లేపు తండ్రీ అని కళ్లు గట్టిగా మూసుకుంది.

వాకిట్లో అడుగుల చప్పుడైంది. గాసి చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం. వెనక రొప్పుతూ, గిన్నె పట్టుకుని భీముడు! పక్కవాడ పెద్ద అతనేగా మరి.

"ఓలమ్మో, రత్నాలు సెల్లికేటి జబ్బు?" అన్నాడు భీముడు గడప ముందే నిలబడిపోయి. "మొన్న సంతకాడ సోళ్ల మూట నెత్తినెట్టుకుని నాకంటే బేగి నడిసినాది! బావా, ఇది జబ్బు కాదు, ఎత్తు. ఈ గడప నువ్వు దాటకు."

రత్నాలు దుప్పటి కాస్త తొలగించింది. మొగుడి మొహంలోకి చూసింది. ఒక మనిషి మంచాన పడ్డట్టా కాదా అన్నది తేల్చాల్సింది వాడ పెద్దే. ఈసారి పక్కన పదిమంది లేరు, తలొంచుకోవడానికి కూటమూ లేదు.

గాసి భీముడి వైపు తిరిగాడు. "బావా... పెళ్లైనకాడ్నించీ ఈ మనిషి పగలు పడుకోగా నాను సూడ్నేదు. ఒళ్లు కాలిపోతన్నా లేచి అంబలి కాసింది. ఈవేళ పడుకున్నాదంటే ఏ జబ్బో నాకు తెలుసు. ఆ జబ్బు తెచ్చింది నానే! కూటంలో తలొంచుకు కూకున్నాను సూడు, ఆ పూట తెచ్చినాను..." అని గడప దాటి లోపలికి వచ్చేశాడు.

మంచం పక్కన మోకరించి రొట్టె విరిచాడు. మొదటి ముక్క పెళ్లానికి. రెండోది కూతురికి. స్వర్ణ చెయ్యి చాచింది గానీ కన్నీళ్లకి రొట్టె కనిపించలేదు, తండ్రే ఆ చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టాడు. మూడో ముక్క దగ్గర హేమలత వెనక్కి జరిగింది. "బాబుగారూ, నావల్ల మీకు మాట..."

"తీసుకోమ్మా. నన్ను బాబుగారనకు. నాన్నా అను" అన్నాడు గాసి. ఇంక ఆయన వల్ల కాలేదు, పళ్లెం పక్కన పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

రొట్టె లోపలికి వచ్చింది గానీ గిన్నె బయటే ఉండిపోయింది. భీముడు అలాగే నిలబడ్డాడు. వెళ్లిపోనూ లేదు, లోపలికి రానూ లేదు. ద్రాక్షరసం ఒలకబోయకూడదు, రోగికి ఇవ్వకుండా వెనక్కి తీసుకెళ్లకూడదు. ఆ నియమమూ దొరదే. చివరికి మొహం కాఫీ తోటల వైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం గడప ఇవతలికి చాచాడు. గాసి ఆ గిన్నె అందుకున్నాడు.

సోమవారం కొండ ఎవరూ దిగలేదు. ఈ నెల గడవనీ, చూద్దాం అంది స్వర్ణ. మరుసటి నెల బల్లకి మళ్లీ రత్నాలు కాళ్లు రాలేదు. ఆ నెలే వాడలోని గంగకి నడుం పట్టేసింది, పట్టేసింది కదా అని తన ఇంట్లో పడుకుందా? స్వర్ణ ఇంట్లో చాప వేసుకుంది! ఆపై నెల మరో ఇంటి తవిటమ్మకి కళ్లు తిరిగాయి, అవీ మెట్ట మీదే తిరిగాయి. వాళ్లెవరూ వాదించలేదు, వచ్చి పడుకున్నారంతే. నెలనెలా ఇద్దరు పెద్దలు పళ్లెం, గిన్నె పట్టుకుని ఆ మెట్టెక్కాల్సిందే, పెద్దల రూలు మరి! పాస్టరు జగదీష్‌గారు ఒక్క మాటా అనలేదు గానీ, ప్రకటనల్లో రోగుల పేర్లు చదివేటప్పుడు దగ్గొచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకునేవారు.

మంచు మొదలైంది. ఓ శుక్రవారం, రత్నాలు ఈసారి ముందుగానే వచ్చి మంచమెక్కి ఉండగా, వాకిట్లో కర్ర చప్పుడైంది. గాసి వెంట భీముడు. అరుగు మీద కూలబడి చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత చొక్కా జేబులోంచి రెండు ఇత్తడి బిళ్లలు తీసి అరుగు మీద పెట్టాడు.

"కూటంలో నానే అడిగినాను. ఔనన్నారు. మనసు మారిందనుకోకండి. మోకాళ్లరిగిపోనాయి. నానింక ఈ మెట్టెక్కలేను, మీరే దిగిరండి."

 హేమలతే ముందు తేరుకుని అతని కాలి దగ్గర కూర్చుంది. "వాపుంది మావయ్యా. కట్టు కడతాను, కదపకండి." భీముడు ఆ పిల్ల వైపు చూడలేదు, కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. స్వర్ణ కాఫీ తెచ్చిస్తే, "పంచదార తక్కువైనాది" అని గొణుక్కుంటూ గ్లాసు ఖాళీ చేశాడు.

లోపల రత్నాలు ఇదంతా వింది. దుప్పటి మొహానికి అదుముకుని చప్పుడు కాకుండా ఏడ్చింది. ఆనక లేచి దుప్పటి మడిచింది. గుమ్మంలో ఎదురైన గాసి, "ఎక్కడికే? కాళ్లొచ్చినాయేటి?" అన్నాడు.

"ఒచ్చినాయి. బేగి పద మావా, పిండి జల్లించుకోవాల" అని ఆవిడ మొగుడి కంటే ముందే మెట్ట దిగింది. ఆ శనివారం పెద్ద రొట్టె ఒక్కటే కాల్చింది.