పదిహేడో నంబరు చెట్టు

బుల్లెట్ తగిలే సమయానికి బాబాయి నిచ్చెన మీద ఉన్నాడు. బయటి పుప్పొడి అంటకుండా పూల కొమ్మకు సంచీ కడుతూనే ప్రాణం వదిలాడు.

మర్నాడు ఉదయం బాస్ బాబాయి శవం ఫోటోను ఏజెంట్ ఉడుత ముందు పెట్టాడు. ఉడుత ఒక్కసారే చూశాడు. తండ్రి పోయాక తనను పెంచింది ఆ మనిషే.

"కేసు ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు బాస్.

"వద్దు సార్. విషయం చెప్పండి."

"అడవులన్నీ తెగులుతో ఎండిపోతున్నాయి. తట్టుకున్నది పదిహేడో నంబరు చెట్టొక్కటే. అదీ నిరుడు గాలివానకు కూలింది. అంతకు చాలా ఏళ్ల ముందే దాని కొమ్మలు అంటుకట్టి మీ బాబాయి తోటలో ముప్పై పెంచాడు. అవి పోతే మొక్కల కోసం మనం విదేశీ ముఠా కాళ్లు పట్టుకోవాలి. ఆ తోటలో మన ఏజెంట్ నెమలి సూపర్‌వైజర్‌గా ఉంది. కోడ్ వర్డ్, పూత."

పదింటికల్లా ఉడుత కూలీ వేషంలో, భుజాన నిచ్చెనతో, చేతిలో పుప్పొడి చల్లే రబ్బరు బుడ్డితో తోటలో ఉన్నాడు. అప్పటికే రంపాలు మోగుతున్నాయి. గుంటలో మంట లేస్తోంది.

"ఈసారి పూత తొందరగా వచ్చినట్టుందమ్మా."

నెమలి నల్లకళ్లద్దాలు తీసి నవ్వింది. ఎంతటి గట్టివాడైనా తడబడే నవ్వు అది. "వచ్చింది. కంగారుపడకు, తెగులు పట్టినవే కొట్టించి కాల్పిస్తున్నా. పదిహేడులు భద్రం. అదిగో."

పక్కపక్కనే రెండు చెట్లు. రెండింటికీ పదిహేడో నంబరు బిళ్లలే.

ఉడుతకు బాబాయి మాట గుర్తొచ్చింది. చిన్నప్పుడు చేయి పట్టుకుని తిప్పుతూ బాబాయి చెప్పేవాడు: "ఒకే చెట్టు అంటుల్ని పక్కపక్కన నాటకూడదురా. వాటిలో వాటికే పుప్పొడి అంటితే విత్తనం నీరసపడుతుంది." అలాంటి మనిషి ఇలా నాటడు. బిళ్లలు మారాయి. కాలుతున్నవే అసలు పదిహేడులు.

"బాబాయిని ఎందుకు చంపావ్?"

"ముఠా కోసం బిళ్లలు మారుస్తుంటే నిచ్చెన మీంచి చూశాడు." ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది.

ఉడుత బుడ్డి నొక్కాడు. పుప్పొడి ఆమె కళ్లలో కొట్టింది. గుండు అతని చెవిని రాసుకుంటూ పోయింది. పిస్టల్ లాక్కుని, నిచ్చెనకు ఆమె చేతులు కట్టేసి పరుగు తీశాడు. ఇరవై తొమ్మిది చెట్లు గుంటలో బూడిదవుతున్నాయి. ముప్పయ్యో దానిలో రంపం అప్పుడే బెత్తెడు దిగింది. రంపం పట్టినవాణ్ణి భుజం పట్టి వెనక్కి లాగాడు.

చెట్టు నిలబడింది. ఉడుత దాన్ని వాటేసుకుని ఏడ్చాడు.

ట్రాన్స్‌మీటర్‌లో జరిగింది చెప్పాక బాస్ గొంతు వినిపించింది. "ఒక్కటే మిగిలిందా?"

"ఒక్కటి చాలు సార్. అంటుకట్టుకోవచ్చు."

"మీ బాబాయి లేడుగా. ఇక ఈ చెట్టుకు పెద్దరికం ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు ఉడుత, చెవి రక్తం తుడుచుకుంటూ. "దీని పూతకు సంబంధం మాత్రం దూరంది చూడాలి."