అద్దకం గదిలో ఎరుపు

ఈ ఊళ్ళో నాకంటే ధైర్యవంతుడు లేడు. చీకటి పడ్డాక ముప్పై అడుగుల స్తంభాలెక్కి వీధి దీపాలు బాగుచేస్తాను. దెయ్యాలే నన్ను చూసి తప్పుకోవాలి. కింద నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరుంటారనుకోండి... దిగేటప్పుడు కళ్ళు మూసుకుంటాననుకోండి... అది వేరే సంగతి.

మూతపడ్డ అద్దకం కార్ఖానాలో మేడమీది గదికి మంచి పేరు లేదు. రంగు తప్పు కలిపాడని యజమాని చేత తిట్లు తిన్న అద్దకంవాడొకడు ఆ గదిలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదట. అప్పట్నించీ అక్కడ ఏ రంగూ మనిషి మాట వినదట. ఆ గది అద్దెకి తీసుకున్న దర్జీ, రాత్రి బూడిదరంగు కోటుకి ఎర్ర దారంతో కాజాలు కుట్టి, పొద్దున్నే చూసుకుని, మిషను భుజాన వేసుకుని పారిపోయాడట.

అలాంటి గదిని ఎవరు తీసుకుంటారు? మా బాబాయి.

బాబాయి పగలు ఆఫీసులో ఫైళ్ళు సర్దుతాడు, రాత్రి బొమ్మలు వేస్తాడు. బొమ్మలంటే చెట్టూ పిట్టా కాదు. రంగులే. మొదట నీలం. రెండేళ్ళు ఇంకోటి ముట్టలేదు. నీలం ఆయన్ని పిలిచిందట. అది పిలిస్తే వినబడేది గానీ, పిన్ని పిలిస్తే వినబడేది కాదు.

తర్వాత పసుపు. నీలానికి వెడల్పాటి కుంచె కావాలి, పసుపుకి పల్చటి పూత మీద పూత కావాలి, రంగు మారితే చెయ్యే మారిపోతుందన్నాడు. మారింది నిజమే. అంతకుముందు వారానికో బొమ్మ పాడయ్యేది, ఇప్పుడు నెలకొకటి.

చివరికి బూడిదరంగు. అన్నీ వదిలేశాక మిగిలేది ఇదేనట. కత్తితో గీకి గీకి వేసేవాడు. సున్నం వెయ్యని గోడ కూడా ఇలాగే ఉంటుంది కదా బాబాయ్ అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా గడిచింది ఆ వారం.

ఇంకో గొప్ప పద్ధతి కూడా ఉంది. ట్యూబుల మీది చీటీలన్నీ పీకేశాడు. పేరు చూసి రంగు తియ్యకూడదట, రంగే చేతికి రావాలట. గదిలో బల్బు కూడా తీసేశాడు. బల్బు వెలుగు అబద్ధాలు చెబుతుందట. కిటికీ బయట వీధి దీపం మాత్రం నిజాయితీపరురాలు!

పిన్ని విసిగిపోయింది. బొమ్మలు కొనే ప్రదర్శనశాల ఆవిడ సోమవారం వచ్చి చూస్తుంది, ఆవిడ వద్దంటే మీరు మా అన్నయ్య గోడరంగుల దుకాణంలో కూర్చోవాలి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, అని తేల్చేసింది. అంటే ఇక కుంచె లేదు.

సరిగ్గా అప్పుడే మొదలైంది...

రాత్రి బూడిదరంగు వేసి పడుకుంటే, తెల్లారేసరికి దాని మీద ఎరుపు. ఒకరోజు ఒక మూల. మర్నాడు నడిమధ్యన. గదికి తాళం వేసినట్టే ఉంది.

బాబాయి భయపడ్డాడు. కానీ ఆయనకి పొగరు కూడా ఎక్కువే. ఆ ఎరుపుని గీకెయ్యకుండా, పగటి వెలుగులో దాని పక్కన ఏదో ఒకటి వేసి జవాబిచ్చేవాడట. రాత్రి అది అడగడం, పొద్దున ఈయన చెప్పడం. ఇద్దరికీ వేరే పని లేదు.

ఆదివారం రాత్రి నన్ను తోడు రమ్మన్నాడు. నవ్వుకోవడానికే వెళ్ళాను.

నా కళ్ళెదుటే వేశాడు. బూడిదరంగే... ఒట్టేసి చెబుతాను. తర్వాత ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ రాలేదు. తెల్లవారుజామున వీధి దీపం ఆరింది. కాసేపు అంతా చీకటి... తర్వాత కిటికీలోంచి సన్నగా వెలుగు—

బొమ్మ మధ్యలో ఎరుపు. కట్టులోంచి నెత్తురు ఊరినట్టు... నెమ్మదిగా... పైకి వస్తోంది.

"చూశావుట్రా..." అన్నాడు బాబాయి గుసగుసగా.

నేను అప్పటికే మెట్ల కింద ఉన్నాను.

వీధిలో స్తంభాన్ని కరుచుకుని రొప్పుతూ తలెత్తి చూశాను. పైన ఆరిపోయిన దీపం. నేను బిగించిందే. పసుపుపచ్చ సోడియం దీపం! దాని కింద ఎరుపూ బూడిదా ఒక్కలాగే ఉంటాయి. మా సెక్షనులో అందరికీ తెలుసు. అందుకే ఎర్ర తీగకి ముడి వేసి పెట్టుకుంటాం. చీటీల్లేని ట్యూబుల్లోంచి ఈ మహానుభావుడు బూడిద అనుకుని మధ్యమధ్య, పెట్టెలో పడున్న పాత ఎరుపు పిసుకుతున్నాడు!

చెప్పేద్దామని పైకి పరిగెత్తాను. అప్పటికే బాబాయి, పిన్నీ ప్రదర్శనశాల ఆవిడా వచ్చేలోపు గది సర్దే హడావిడిలో పడ్డాడు. సరే, ఆగాను.

ఆవిడ వచ్చింది. వట్టి బూడిదరంగు బొమ్మల్ని తడిబట్టల్ని చూసినట్టు చూసింది. ఎరుపు పడ్డవాటి దగ్గర ఆగిపోయింది. దగ్గరికి వంగి చూసి, ఇవి ఎవరు వేశారని అడిగింది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నేనూ... ఇంకొకరూ."

ఆరు బొమ్మలు తీసుకుంది. దుకాణం మాట పిన్ని మళ్ళీ ఎత్తలేదు. బాబాయి ఇప్పుడు ఆ 'ఇంకొకరి' కోసం గదిలో ఒక ముక్కాలిపీట కూడా వేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

పోయిన నెల ఆ సోడియం దీపాలన్నీ తీసి తెల్లవి పెట్టమని మాకు ఆర్డరొచ్చింది. ఆ వీధిలో నలభై స్తంభాలు. ముప్పై తొమ్మిది మార్చాను. రిజిస్టరులో నలభై అని రాశాను.

బాబాయి కుంచె నిలబెట్టడానికే చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆదివారం నాటి బొమ్మ నేనే అడిగి తెచ్చుకున్నాను. మంచానికి ఎదురుగా తగిలించాను. రోజూ దాన్ని చూస్తూ కూర్చుంటున్నాను. అది నచ్చింది. మొన్న కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. బాబాయికి చెప్పకండి.